మహానవమి సేనావలోకనము – పరదేశీయుల సాక్ష్యము

విజయనగర చరిత్రమును వ్రాయువారు శ్రీకృష్ణదేవరాయల ప్రాభవమును జెప్పు పట్టున డొమింగో పాయెస్ అను పోర్చుగీసు యాత్రికుని వర్ణనమును తప్పక యుదాహరింతురు. మహానవమి దినములు గడచిన పిమ్మట రాయలు తన సేనలనెల్ల నొక్కచో నిలిపి చూచుకొను మహోత్సవమును ఆతఁడు స్వయముగాఁ జూచి వ్రాసినాఁడు. ఆ వర్ణనము చదువుటకు సొంపైనది. తెలుఁగువారికి గర్వము గొలుపునదియు నగును. అయినను అది పలుమాఱు ఉదాహరింపఁబడుటయే కాని విమర్శింపఁబడుట యరుదు. కావున ఈ వ్యాసమున మూఁడు ప్రశ్నలను విచారింపఁ దలఁచినాను. ఆ యుత్సవము శాస్త్రరీత్యా నెట్టిది? దానిని జూచిన పరదేశీయులు ఏమి చూచిరి, ఏమి చూడరైరి? దాని వ్యయమును మోసిన వారెవరు? ఈ మూఁడవ ప్రశ్నకు హంపికి ఆగ్నేయమున నున్న అనంతపురపు మెట్టసీమయే తగిన సాక్షి. ఆ సీమను విడిచి రాజధానిని మాత్రమే చూచినచో చరిత్రము సగము చెప్పినట్లగును.

మొదట గ్రంథవిషయము. పాయెస్ వ్రాఁతయు, ఆతని తరువాత 1535 ప్రాంతమున విజయనగరమున నుండిన ఫెర్నావ్ నూనిజ్ అను గుఱ్ఱపు వర్తకుని వ్రాఁతయు, పారిసు నగరపు గ్రంథాలయమున వ్రాఁతప్రతిగా నుండెను. దానిని దావిద్ లోపెస్ అను విద్వాంసుఁడు 1897లో లిస్బన్ నగరమున ముద్రింపించెను. రాబర్టు సూయెల్ 1900లో వానిని ఆంగ్లమునకుఁ దెచ్చి తన విజయనగర చరిత్రమున జేర్చెను. పాయెస్ తాను జూచిన సంవత్సరమును జెప్పలేదు. ఉత్సవము సెప్టెంబరు 12 నాఁడు మొదలగు ననియు, నూతన సంవత్సరోత్సవము అక్టోబరు 12 నాఁడు వచ్చు ననియు మాత్రము వ్రాసెను. ఈ రెండు తేదులును 1520వ సంవత్సరపు ఆశ్వయుజ, కార్తిక శుద్ధ పాడ్యములతో సరిపోవుచున్నవని సూయెల్ గణించి చూపెను. ఆతఁడు నూతన సంవత్సరమని చెప్పినది మన బలిపాడ్యమి యని చదువరులకు వేఱుగఁ జెప్పఁ బనిలేదు. ఆ యేఁడే రాయచూరు యుద్ధమున రాయలు గెలిచియుండెను. కావున పాయెస్ చూచినది జయము గొన్న సేన.

ఆతని వర్ణనమును నా మాటలలో సంగ్రహించెదను. నగరమునకు ఒక లీగు, అనఁగా సుమారు 3 మైళ్ల దూరమున, మక్కా ముకమలుతోఁ గుట్టిన రాజుగారి గుడారము వేయుదురు. ఉత్సవమూర్తి యందుండును. అచ్చటినుండి రాజమందిరము దాఁక నాయకులందఱు తమతమ పదవి ననుసరించి సేనలతో బారులు తీరి నిలుతురు. ముందు కాల్బలము, దాని వెనుక గుఱ్ఱములు, వాని వెనుక నేనుఁగులు. చెఱువు వచ్చిన చోట చెఱువు చుట్టును, దారి యిఱుకైన చోట మైదానమునందును, కొండ వచ్చిన చోట కొండ వాలునందును సేన నిలిచెను. సేన కప్పని నేల కానరాలేదు. నగరములోపల చోటు చాలక వీథుల మొగములందు మంచెలు గట్టి వానిపై భటులను నిలిపిరఁట.

గుఱ్ఱముల నొసళ్లకు వెండి పట్టములు, పెక్కింటికి బంగారు పూఁత, రంగురంగుల పట్టు కుచ్చులు. రౌతుల కవచములు పచ్చితోలు పొరలు పేర్చి యినుప రేకులతో బిగించినవి. పైన జరీపట్టో ముకమలో. నడుమున కత్తియు చిన్న గండ్రగొడ్డలియు, చేత బంగారు వెండి తొడుగుల యీటె. ఏనుఁగులపై గంటలు, ముకమలు జూళ్లు. వాని తలలమీఁద రాక్షసుల యొక్కయు మృగముల యొక్కయు ముఖములు వ్రాయఁబడి యుండెను. ఒక్కొక్క యేనుఁగుపై మువ్వురో నలువురో కవచధారులు. కాల్బంట్ల డాళ్లలో కొన్నింటిపై పులుల బొమ్మలు. కొన్ని నల్లనివై అద్దమువలె మొగము చూచుకొనఁ దగినంత మెఱుఁగు గలవి. విలుకాండ్రును, తుపాకులవారును, ముసల్మాను భటులును గలరు. ఈ భటులు అగ్న్యస్త్రములను వాడు నేర్పును జూచి, తుపాకులు తన సొత్తని తలఁచు దేశమునుండి వచ్చిన యాతఁడే విస్మయపడెను.

రాయలు బంగారు పూవులు కుట్టిన తెల్లని వస్త్రములు ధరించి, గుఱ్ఱమెక్కి, రెండు బంగారు గొడుగుల నీడను వెడలెను. ముందు సర్వాలంకృతములైన సుమారు 20 గుఱ్ఱములు. దగ్గఱనే 16 మంది మోయు బంగారు పూఁత పంజరమున దేవతామూర్తి. రాజు గడచునపుడు భటులు డాళ్లను చఱచుచుఁ గేకలిడిరి, గుఱ్ఱములు సకిలించెను, ఏనుఁగులు ఘీంకరించెను, తుపాకుల మ్రోఁతకు కొండలు కదలినట్లుండెను. రాజు గుడారము చేరి పూజ ముగించి మరలి వచ్చువఱకును సేన కదలలేదు. ఆతఁడు తమ్ము దాఁటిన పిదపనే యొక్కొక్క దండు బయలుదేఱి, కొండవాలులనుండి దిగి రాఁ దొడఁగెను. అది చూచి తాను కలఁ గనుచున్నట్లు తోఁచెనని పాయెస్ వ్రాసినాఁడు.

ఇఁక నీ యుత్సవము శాస్త్రరీత్యా నెట్టిదో చూతము. పరదేశీయుఁడు దీనిని సేనాప్రదర్శనముగాఁ జూచెను. మన శాస్త్రములందు దీనికి రెండు మూలములు గలవు. రాజు దినమును ఎనిమిది భాగములు చేసికొని, ఏడవ భాగమున గజాశ్వరథపదాతులను స్వయముగాఁ జూడవలెనని కౌటిల్యుఁడు విధించెను. ఇది లెక్కచూపు. ఆతఁడే ఆశ్వయుజ మాసమున తొమ్మిదవ దినమున అశ్వములకు నీరాజనము చేయింపవలెనని చెప్పెను. ఇది శాంతికర్మ. బృహత్సంహితయందు దీనికి ప్రత్యేకాధ్యాయమే కలదు. కాళిదాసు రఘువు దిగ్విజయమునకు వెడలుటకు ముందు శరత్కాలమున వాజినీరాజనమును వర్ణించెను. కావున మహానవమినాఁటి సేనావలోకనము లెక్కచూపును శాంతికర్మయుఁ గలసినది.

నీరాజన శబ్దమునే విచారించిన నీ ద్వైవిధ్యము మఱింత స్పష్టమగును. 'నిర్' ఉపసర్గమునకు దీప్త్యర్థకమగు 'రాజ్' ధాతువునుండి పుట్టిన 'రాజన' శబ్దము పరమగునపుడు, రేఫము పరమైనందున పూర్వరేఫము లోపించును. ఆ లోపము నిమిత్తముగా ముందున్న ఇకారము దీర్ఘమగును. అంతట 'నీరాజనము' సిద్ధించును. దీని యర్థము మిక్కిలి ప్రకాశింపఁజేయుట. మఱియొక వ్యుత్పత్తియుఁ గలదు. 'నీర' శబ్దమునకు, క్షేపణార్థకమగు 'అజ్' ధాతువునకు ల్యుట్ ప్రత్యయము చేరఁగా నైన 'అజన' శబ్దము తోడ సమాసము. ఆ ధాతువునకు 'వీ' యాదేశము రావలసియుండఁగా ల్యుట్టు పరమైనపుడది వికల్పము కావున 'అజన' రూపము సాధువే. సవర్ణదీర్ఘముచే 'నీరాజనము'. దీని యర్థము శాంత్యుదకమును జల్లుట. మొదటి వ్యుత్పత్తిలో వెలుఁగు, రెండవదానిలో నీరు. రెండును వ్యాకరణసమ్మతములే. పరదేశీయునకు మొదటి యర్థమే గోచరించెను. రెండవ యర్థము నడుగవలసినది ఈ మెట్టసీమను.

నగరమునకు దూరముగ గుడారము వేయుట కేమి కారణము? పాయెస్ దానిని జెప్పలేదు. విజయదశమినాఁడు రాజు ఊరి పొలిమేర దాఁటి, శమీవృక్షమును బూజించి, సేనతో మరలి రావలెనని ధర్మశాస్త్ర నిబంధములు చెప్పుచున్నవి. దీనికే సీమోల్లంఘనమని పేరు. పాయెస్ చూచినది నవదినముల పిదప జరిగినది; రాజు నగరము వెడలెను; దేవతామూర్తి వెంట నుండెను; పూజ ముగించి మరలెను. కావున నిది సీమోల్లంఘనమే యని నా యభిప్రాయము. విజయనగర సంప్రదాయము ననుసరించి రాజ ఒడెయరు 1610లో శ్రీరంగపట్టణమున దసరా మహోత్సవమును నెలకొల్పెను. ఆ సంప్రదాయమున మైసూరు ఊరేగింపు నేఁటికిని బన్నిమంటపమునకుఁ బోవుచున్నది. బన్ని యనఁగా కన్నడమున మన జమ్మి చెట్టే. ఈ యాచారసామ్యము నా యభిప్రాయమునకు బలమిచ్చుచున్నది. జమ్మి లోఁతుగ వేరు తన్ని, వానలు తప్పిన నేలను గూడ పచ్చగ నిలుచు చెట్టని రాయలసీమ కాఁపు లందఱు నెఱుఁగుదురు.

పాయెస్ చెప్పిన విజయమందిరము హంపిలోని మహానవమి దిబ్బయే యని పండితులు గుర్తించుచున్నారు. ఒడ్రదేశ విజయము తరువాత రాయలు దానిని గట్టించెనని ఆతఁడు వినినాఁడు. కాని దిబ్బ క్రింది వరుసలలోని శిల్పములు అంతకుఁ బూర్వకాలపు రీతి గలవి. కావున రాయలు పాతదానిని పెంచి యలంకరించెనని చెప్పుట యుక్తము. దీనికి మఱియొక పరదేశీయుని సాక్ష్యము తోడుపడుచున్నది. హిరాతు నగరమునుండి షారుఖ్ పాదుషా పంపిన రాయబారి అబ్దుర్ రజాకు 1443లో, రెండవ దేవరాయల కాలమున, విజయనగరమునకు వచ్చి మహానవమిని జూచెను. రాజ్యమున నన్ని దిక్కులనుండి నాయకులు వచ్చుటను, అలంకరించిన యేనుఁగుల గుంపులను, అంతస్తుల మంటపములను, రాజు సింహాసనమును ఆతఁడు వర్ణించెను. పాయెస్‌కు 77 ఏండ్లకు ముందే యీ యుత్సవ మీ రూపమున నుండెననుట కిది ప్రమాణము.

ముగ్గురు పరదేశీయులు మూఁడు పనులమీఁద వచ్చిరి. వారివారి పనిని బట్టియే వారి చూపు. అబ్దుర్ రజాకు రాయబారి. రాజమర్యాదలను, ఆసనముల తారతమ్యమును జూచెను. పాయెస్ క్రిస్తోవావ్ ద ఫిగైరేదు అను పోర్చుగీసు ప్రముఖునితోఁ గూడ వచ్చిన యతిథి. నిలువఁబడుటకు మంచిచోటు దొరకినందున అందమంతయుఁ జూచెను. నూనిజ్ వర్తకుఁడు, ధరలను జూచెను. మన చరిత్రకారులు పాయెస్‌ను విరివిగ నుదాహరించి నూనిజ్‌ను అధోజ్ఞాపికలకుఁ ద్రోయుట న్యాయము కాదు.

నూనిజ్ చెప్పిన ముఖ్యవిషయములు మూఁడు. మొదటిది: రాజ్యము 200 మందికి మించిన నాయకులకుఁ బంచి యీయఁబడెను. ప్రతి నాయకుఁడును తన సీమ యాదాయమునుండి రాజునకు నియతధనము చెల్లించి, నియతసంఖ్య గల సేనను బోషింపవలెను. సాళువనాయకుఁడను నొక్కనికి 11 లక్షల వరహాల యాదాయము. అందు మూఁడవవంతు రాజునకు. మిగిలినదానితో 30,000 కాల్బలమును, 3,000 గుఱ్ఱములను, 30 ఏనుఁగులను నిలుపవలెను. శాసనములందుఁ గానవచ్చు 'నాయంకరము', 'అమరము' అను మాటల తాత్పర్యమిదియే. రెండవది: ఈ ధనము రాజునకుఁ జెల్లు గడువు సెప్టెంబరు నెలలోని యా తొమ్మిది దినములే. మూఁడవది: రాజు ఏఁటేఁట 13,000 గుఱ్ఱములను గొనును. మేలైన పారసీకాశ్వములను తన సాలలకు ఉంచుకొని, నాటుగుఱ్ఱములను నాయకులకు వేయి వరహాలకు 5 చొప్పున నిచ్చును. ఆ సొమ్మును సెప్టెంబరులోనే రాఁబట్టి, దానితోనే పోర్చుగీసులకు గుఱ్ఱముల వెల చెల్లించును. బొక్కసమునుండి యొక్క కాసు వెడలదు.

ఇప్పుడు పాయెస్ వర్ణనమును మరలఁ జదివిన దాని యర్థము మాఱును. బారులు తీరిన యా గుఱ్ఱములలో పెక్కింటి వెల నాయకులు ఆ నెలలోనే చెల్లించినది, లేదా చెల్లింపవలసినది. పదవి ననుసరించి నిలుచుట యనఁగా, ఎవఁడు ఎంత సేన నుంచవలెనో అంత యుంచినాఁడో లేదో యొక్క చూపున తేలుట. నాయకుఁడు లెక్క యొప్పగించుట, రాజు ధనము గైకొనుట, దేవతకు బలి యిచ్చుట, సేనను జూచుట: ఈ నాలుగును ఒక్క పక్షమునఁ గూర్పఁబడినవి. పాయెస్ లెక్క ప్రకారము మొదటి దినమున 24 దున్నలును 150 గొఱ్ఱెలును, కడపటి దినమున 250 దున్నలును 4,500 గొఱ్ఱెలును బలి యయ్యెను.

సంఖ్యల విషయమున నొక్క మాట. రాయలకు ఎల్లపుడు పదిలక్షల సేన గలదనియు, అందు 35,000 కవచాశ్వములనియు పాయెస్ చెప్పెను. ఇది యాతఁడు లెక్కించినది కాదు, వినినది. రాజ్యమంతటి నాయకులు నిలుపవలసిన సంఖ్యలను గూడి చెప్పిన మాట కావచ్చును. కన్నులతోఁ జూచినది వేఱు, చెవులతో వినినది వేఱు. కవచపు తోలుపొరలను, డాలి మెఱుఁగును జెప్పునపుడు పాయెస్ ప్రత్యక్షసాక్షి. పదిలక్షలని చెప్పునపుడు ఆతఁడు పరోక్షసాక్షి. ప్రమాణములలో ప్రత్యక్షమునకును శబ్దమునకును భేదము నేర్చిన మనము ఆ భేదమును మఱవరాదు.

ఇఁక మెట్టసీమ. అనంతపురమునఁ గురియు సగటు వర్షము ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందు నెక్కుడు పాలు సెప్టెంబరులోనే కురియును. ఆ నెల వానలు తప్పినచో చెఱువు నిండదు. పైరు చేతికి రాదు. రాజునకు ధనము చెల్లింపవలసిన గడువు ఆ నెలలోనే. మెట్టపైరులు చాల వఱకు చేలలోనే యుండు తఱి యది. సంవత్సరము మంచిదో చెడ్డదో తేలకమునుపే నాయకుఁడు ధనము కూర్చుకొనవలెను. ఆతఁడు దానిని కాఁపునుండి కాక మఱెవ్వరినుండి తెచ్చును? సేద్యగాండ్రు పంటలో పదింట తొమ్మిది పాళ్లు దొరలకుఁ జెల్లింతురనియు, సామాన్యజనులు మిక్కిలి బాధపడుచున్నారనియు నూనిజ్ వ్రాసెను. పదింట తొమ్మిది యనుట అతిశయోక్తి యనుకొన్నను, సేన వెలుఁగు వెనుక నిట్టి మాటయొకటి యా కాలపు సాక్షి నోటనే వెడలినదని మఱువరాదు.

అయినను రాజులు గైకొనుటయే కాని యిచ్చుట యెఱుఁగరనుట సత్యము కాదు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప వొడయరు పండమేటికిఁ గట్ట వేయించి చెఱువు గట్టించుటవలననే అనంతపురము వెలసెనని సీమలో ప్రసిద్ధి. కట్టకు ఆవలనున్న బుక్కరాయసముద్రము ఆ రాజు పేరనే యున్నది. పొరుగున కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు 1369లో గట్టించెను. దినమునకు 1,000 మంది కూలీలును 100 బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. రాయలు నగరమునొద్దఁ గట్టించిన చెఱువు పనిలో 15,000 నుండి 20,000 మందిని జూచితినని పాయెస్సే వ్రాసినాఁడు. సేనావలోకనము నాఁడు చెఱువు చుట్టును నిలిచిన భటులకు కాలికడ నున్నది ఆ నీరే. చెఱువు లేక పన్ను లేదు. పన్ను లేక గుఱ్ఱము లేదు. నీరాజన శబ్దపు రెండవ వ్యుత్పత్తి యిచ్చట సార్థకమగుచున్నది.

లేపాక్షి వీరభద్రాలయమున అచ్యుతరాయల కాలపు చిత్రములు గలవు. వానిలోని ప్రభువులు నిడుపైన కుళ్లాయిలు ధరించి బారులుగ నిలిచి యున్నారు. ఆ కాలపు కొలువువారి వేషమును తెలుఁగు చేతులతో వ్రాసిన రూపమున చూడఁదలఁచువారు అచ్చట చూడవచ్చును. ఆ గుడిని గట్టించిన విరూపణ్ణ పెనుగొండ కోశాధికారి యనియు, రాజానుజ్ఞ లేక బొక్కసపు ధనమును గుడికి వెచ్చించె నను నపవాదము రాఁగా తన కన్నులను తానే పెఱికి గోడకుఁ గొట్టెననియు జనశ్రుతి. ఇది చరిత్రమని నేననను. అయినను జనశ్రుతి దేనిని జ్ఞాపకముంచుకొనెనో చూడవలెను. ఈ సీమ జనులకు రాజధానిలోని బంగారు గొడుగులు జ్ఞాపకము లేవు. లెక్క చెప్పవలసిన దినపు భయము మాత్రము నేఁటికిని జ్ఞాపకమున్నది.

పాయెస్ చూచిన యుత్సవమునకు 45 ఏండ్లు నిండకయే, 1565 జనవరి 23వ తేదిని, ఆ సేన యొక్క దినమున విఱిగెను. తిరుమలరాయఁడు రాజధానిని విడిచి, బొక్కసమును ఐదువందలకు మించిన యేనుఁగులపై నెక్కించుకొని వెడలెనని సూయెల్ వ్రాసినాఁడు. ఆయన రాజధాని నెలకొల్పినది పెనుగొండలో. పట్టపుటేనుఁగులు మోసినది ఆ నాఁడు ముకమలు జూళ్లను గాదు, రాజ్యపు మిగులును. మెట్టసీమ యేఁటేఁట పంపిన ధనములో నొక పాలు అట్లు మెట్టసీమకే మరలి వచ్చెను, కాని కాఁపు చేతికిఁ గాదు.

సామ్రాజ్యము పోయినను నాయకుల వ్యవస్థ వెంటనే పోలేదు. అది పాళెగాండ్ర రూపమున సీమలో మిగిలెను. ఊరికొక కోట, కోటకొక దండు, దండునకొక పన్ను. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారికి విడిచిన పిదప, ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వఱకు నుండి, సుమారు 80 మంది పాళెగాండ్ర బలమును అణఁచెను. అమరనాయకుల సేనావ్యవస్థకు ఈ సీమలో నదియే తుది. 1882లో బళ్లారినుండి అనంతపురము వేఱు జిల్లా యయ్యెను; 2022లో మరల విభాగము జరుగఁగా పెనుగొండ, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినవి. చరిత్ర పరిశోధకులు ఈ యెల్లలచే భ్రమపడక రెండు జిల్లాలను నొక్క సీమగనే యెంచి పనిచేయవలెను.

నిర్ణయమిది. మహానవమి సేనావలోకనము కేవలము ప్రదర్శనము గాదు. శాంతికర్మయు, సీమోల్లంఘనమును, సంవత్సరపు లెక్కచూపును గలసిన రాజకార్యము. పాయెస్ దాని వెలుఁగునకు నమ్మఁదగిన సాక్షి. నూనిజ్ దాని వెలకు నమ్మఁదగిన సాక్షి. ఇరువురిని గలిపి చదువవలెను. మూఁడవ సాక్షి యింకను పూర్తిగ విచారింపఁబడలేదు. అది గ్రామములలో చెఱువుకట్టలపైనను, గుడిగోడలపైనను, పొలముగట్లలోను ఉన్న శాసనము. అందు నాయంకరమనియు, అమరమనియు, కట్టుకొడిగె యనియు నున్న ప్రతి మాటయు ఈ లెక్కలో నొక పద్దు. ఊరివారు ఆ ఱాళ్లను మెట్లకును తూములకును వాడక మునుపే వానిని చదివి వ్రాసికొనుట పరిషత్తువంటి సంఘముల తక్షణ కర్తవ్యము. పాయెస్ మూడు మైళ్ల బారును చూచెను. ఆ బారు తుద యే యూరి చేనియందు మొదలయ్యెనో చెప్పఁగలిగినవి ఆ ఱాళ్లే.